అరిగిన తుంటి, విరిగిన తుంటి

మా మామ శ్రీవారి మెట్టు ఎక్కాడు. 2,388 మెట్లు, ఎడమ తుంటి కీలు మార్పించుకున్న పది నెలలకి. దర్శనం చేసుకుని, బస్సులో కిందికి దిగి, లడ్డు కవరు పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు. అప్పటికి మా అమ్మకి తుంటి ఆపరేషన్ జరిగి మూడు నెలలు. వాకర్ పట్టుకుని మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా, మళ్లీ బాత్రూమ్ నుంచి మంచం దాకా వస్తోంది.

"ఏమక్కా, ఇంకా వాకరేనా? నేను నెలన్నరకంతా చేతికర్ర కూడా పారేసినా. అదే ఆపరేషను, అదే బాలు. నీకు ధైర్యం చాల్లేదక్కా, అంతే" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. లడ్డు కళ్లకద్దుకుని, చిటికెడు గిల్లి నోట్లో వేసుకుంది. రాత్రి లైటు తీసేసినాక నన్ను పిలిచి అడిగింది: "నిజంగానే నాకు ధైర్యం లేదా మే?"

ఆ రాత్రి ఏదో సర్దిచెప్పాను. సరైన జవాబు చెప్పడానికి నాకు ఇంకో ఎనిమిది తొమ్మిది నెలలు పట్టింది. నేను డాక్టర్ని కాదు, తిరుపతిలో హైస్కూలు లెక్కల టీచర్ని. కానీ ఈ ఏడాదిలో తుంటి గురించి చదివినంత శ్రద్ధగా బీఈడీ కూడా చదవలేదు. చదివినకొద్దీ నాకు అర్థమైంది, మామ చెప్పిన వాక్యంలో మొదటి సగమే తప్పని. అది అదే ఆపరేషను కాదు. అరిగిన కీలు మార్చడం, విరిగిన ఎముక మార్చడం రెండూ వేరు వేరు. రెండింటినీ 'బాల్ (తుంటి కీలులోని బంతి) మార్చినారు' అనే ఒక్క మాటలో పెట్టేసి, ఆ తర్వాత ఎవరు ముందు నడిచారని పోటీ పెట్టడం మన ఇళ్లలో జరుగుతున్న చిన్న క్రూరత్వం.

మామ సంగతి ముందు చెప్తాను, అది సులువు. ఆర్టీసీలో బస్సు తోలి రిటైరయ్యాడు. ఎనిమిదేళ్లుగా ఎడమ గజ్జల్లో నొప్పి. క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిపోయిందని ఆయన నమ్మకం. డాక్టరు అవుననలేదు, కాదనలేదు. మన దేశంలో మోకాళ్ల అరుగుదల ఇంటికొకరికి ఉన్నా, తుంటి అరుగుదల పాశ్చాత్య దేశాల్లో ఉన్నంత ఎక్కువగా కనిపించదు. ఇక్కడ తుంటి మార్పించుకునేవాళ్లలో చాలామందికి అసలు కారణం కీలు తలకి రక్తం అందక ఎముక చచ్చుబడడం. ఈ ముక్క డాక్టరు చెప్పగానే మామ ఇంటికొచ్చి "నాది ఫారిన్ జబ్బంట" అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

చివరి రెండేళ్లు ఆయనకి నరకం. చెప్పులు వేసుకోవాలంటే అత్తమ్మ వంగి తొడగాలి. రాత్రి పక్కకి తిరిగితే మెలకువ. అయినా ఆపరేషన్‌కి తొందరపడలేదు. కూతురి పెళ్లి అయ్యాక, పంచాంగం చూసి, మంచిరోజున చేరాడు. అంతకుముందు రెండు నెలలు షుగర్ అదుపులో పెట్టుకున్నాడు, పుచ్చిపన్ను తీయించుకున్నాడు, ఆరు కిలోలు తగ్గాడు, తొడ కండరాలకి వ్యాయామాలు నేర్చుకున్నాడు. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ పెట్టించి, మంచం కాళ్ల కింద ఇటుకలు కూడా పెట్టించాడు. ఆపరేషన్ అయిన సాయంత్రం ఫోన్‌లో ఐపీఎల్ చూస్తూ కనిపించాడు మాకు.

ఇక అమ్మ. మాది పాకాల దగ్గర పల్లె. నాయన పోయినాక అమ్మ ఒక్కతే ఉంటుంది, ఒక ఆవు తోడు. వయసు 76. ధనుర్మాసం, తెల్లవారుజామున ఐదు గంటలు. కల్లాపి చల్లి, ముగ్గేసి, లేచి నిలబడి వెనక్కి తిరిగింది. అంతే. కాలు జారిందో, కళ్లు తిరిగాయో ఇప్పటికీ ఆమెకే తెలీదు. ముందురోజు ఆమె చేసిన పనులు నేను తర్వాత అడిగి రాసి పెట్టుకున్నాను: పాలు పితికింది, రేషన్ షాపు దాకా నడిచి బియ్యం తెచ్చుకుంది, పక్కింటివాళ్ల వేరుశనక్కాయలు ఒలిచిపెట్టింది. ఏ నొప్పీ లేదు. ఈ జాబితా మళ్లీ పనికొస్తుంది.

మధ్యాహ్నానికి నాకు ఫోనొచ్చింది. ఆముదం రాసి కాపడం పెట్టామన్నారు. "బెణికి ఉంటుంది, రేపటిదాకా చూద్దాంలే" అని నా నోటితో నేనే అన్నాను. హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దుతున్నాను ఆ రోజు. మరునాడు మా పెదనాన్న కొడుకు కారు మాట్లాడుకుని అమ్మని పుత్తూరు తీసుకెళ్లాడు.

చిత్తూరు వైపు వాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఎముక విరిగితే మాకు ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆకుపసరు, గుడ్డుసొన, గుడ్డ, వెదురుబద్దలు. ఐదో తరగతిలో నా మణికట్టుకీ కట్టారు. ఆ నమ్మకంతోనే పోయారు. అక్కడి పెద్దాయన అమ్మని కారులోంచి దించనివ్వలేదట. కుడిపాదం బయటికి తిరిగిపోయి, కాలు ఎడమదానికంటే పొట్టిగా ఉండడం చూసి, "ఇది లోపలి ఎముక, కట్టుకి అందదు. పొద్దుపోకుండా తిరుపతి పోండి" అన్నాడట. మా చుట్టాల్లో కొందరు ఆ ఆలస్యాన్ని పుత్తూరు మీద నెట్టాలని చూశారు. నేను ఒప్పుకోను. ఎక్స్‌రే లేకుండా, చెయ్యి పెట్టకుండా ఆయన ఒక్క చూపులో చెప్పింది నిజం. ఒక రోజు పోగొట్టింది నేను.

తుంటి మెడ విరిగింది. తొడ ఎముక పైభాగంలో గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ. తలకి రక్తం చాలావరకు ఆ మెడ వెంబడి పాకే సన్నటి నాళాల్లోంచే వెళ్తుంది. మెడ విరిగి ముక్కలు పక్కకి జరిగితే ఆ నాళాలు తెగుతాయి. పైగా అక్కడ ఎముక కీలు సంచి లోపల ఉంటుంది. మిగతా ఎముకల మీద ఉండి, విరిగినచోట కొత్త ఎముక పోసే పొర అక్కడ సరిగా ఉండదు. అందుకే వయసులో ఉన్నవాళ్లకైతే స్క్రూలు వేసి సొంత తలని కాపాడాలని చూస్తారు, పెద్దవయసులో తీసేసి లోహపు తల పెడతారు. ఇదంతా అమ్మకి చెప్తే ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది: "మామిడికాయకి తొడిమ ఇరిగినాక మళ్లీ కొమ్మకి కట్టినా బతకదు గదా." తోతాపురి తోటల్లో కూలికి పోయిన మనిషి. డాక్టరు కంటే బాగా చెప్పింది.

మెడకి కొంచెం దిగువన విరిగితే కథ వేరు. అక్కడ రక్తం బాగా అందుతుంది, రాడ్ వేస్తే అతుకుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఎదురింటావిడకి అలాగే వేశారు. 'ఆమెకి రాడ్డుతో సరిపోయిందే, మీ అమ్మకి బాల్ ఎందుకు వేయించినారు' అని నన్ను అడిగినవాళ్లు కనీసం నలుగురు.

మేం చేరింది ఏ ఆసుపత్రో చెప్పను, అవసరం లేదు. రెండోరోజు సాయంత్రం చేరితే ఐదోరోజు ఆపరేషన్ అయింది. గుండె పరీక్షకి ఒక రోజు. సోడియం తగ్గిందని, మూత్రపిండాల రిపోర్టు బాలేదని ఇంకో రోజున్నర. సోడియం ఎందుకు తగ్గిందో డాక్టర్లు చాలా కారణాలు చూశారు. మూత్రపిండాలు ఎందుకు మొరాయించాయో మాత్రం నాకు తర్వాత అమ్మే చెప్పింది. పడిన దగ్గర్నుంచి నీళ్లు తాగడం మానేసింది. తాగితే మూత్రం వస్తుంది, మంచం మీద బెడ్‌పాన్‌లో పోయాలి, పక్కన మగవాళ్లుంటారు. రెండున్నర రోజులు గుక్కెడు గుక్కెడు కాఫీతో గడిపింది. మామ తన ఆపరేషన్ ముందురోజు ఎన్ని లీటర్లు తాగాడో తాగలేదో ఎవరూ లెక్కపెట్టాల్సిన పనే రాలేదు.

ఆపరేషన్ అయిన రాత్రి నేనే పక్కన ఉన్నాను. రెండింటప్పుడు లేచి, "మీ నాయన వచ్చినాడు, గడపలో నిలబడినాడు చూడు, కాఫీ పెట్టు" అంది. నాయన పోయి పదకొండేళ్లు. సెలైన్ సూది పీకేయబోయింది. నేను ఏడ్చేశాను, పిచ్చి పట్టిందనుకుని. నర్సు వచ్చి లైటు వేసి, అమ్మ కళ్లద్దాలు తెచ్చి పెట్టి, ఇది తుంటి విరిగిన పెద్దవాళ్లలో చాలామందికి వస్తుందని, మెల్లగా తగ్గుతుందని చెప్పింది. నాలుగు రోజులకి తగ్గింది. ఆ నాలుగు రోజులూ నడక లేదు, వ్యాయామం లేదు, తిండి సరిగా లేదు.

ఇక లెక్కల్లోకి వస్తాను, నా సొంత ఊరికి వచ్చినట్టు.

ఫ్రాన్స్‌లో 45 ఏళ్లు పైబడిన దాదాపు 6,91,000 మంది తుంటి ఆపరేషన్ల వివరాలు తీసి ఒక పరిశోధన చేశారు, 2015లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ముందే అనుకుని కీలు మార్పించుకున్నవాళ్లలో ఆసుపత్రిలోనే చనిపోయినవాళ్లు 0.18 శాతం. తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 3.42 శాతం. అంటే వెయ్యికి ఇద్దరు ఒకవైపు, 34 మంది ఇంకోవైపు. ఇక్కడ ఏ తొమ్మిదో తరగతి పిల్లాడైనా చెయ్యెత్తుతాడు: 'మేడమ్, విరిగినవాళ్లు ముసలివాళ్లు, జబ్బులున్నవాళ్లు కదా, అందుకే అయ్యుండొచ్చు కదా?' మంచి ప్రశ్న. పరిశోధకులూ అదే అడిగారు. వయసు, ఆడామగా, ఉన్న జబ్బులు ఒకేలా ఉన్నవాళ్లని జతలు జతలుగా కూర్చి మళ్లీ లెక్కేశారు. అప్పుడు 0.31 శాతం, 1.82 శాతం. తేడా తగ్గింది, కానీ పోలేదు. ఇంకా దాదాపు ఆరింతలు.

ఈ 'ఇంకా ఆరింతలు' దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. అదే వయసు, అదే షుగర్, అదే బీపీ ఉన్న ఇద్దరు మనుషుల మధ్య ఆరింతల తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? పట్టికల్లోకి ఎక్కని బలహీనతలు కొంత కారణం కావచ్చు. మిగతాది పడిన క్షణం నుంచి ఆపరేషన్ టేబుల్ దాకా శరీరం పడిన యాతన అని నా అవగాహన. విరిగినచోట లోపలే రక్తం పోతుంది. నొప్పికి గుండె దడదడలాడుతుంది. ఒంట్లో వాపు మొదలవుతుంది. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి. అరిగిన మనిషి టేబుల్ ఎక్కేసరికి ఇవేవీ మొదలై ఉండవు. విరిగిన మనిషికి అన్నీ సగం దారిలో ఉంటాయి.

మరి వెంటనే చేసేస్తే సరిపోతుందా? నా తప్పు నన్ను తినేస్తోంది కాబట్టి ఇది కూడా వెతికాను. భారత్ సహా 17 దేశాల్లో 2,970 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. తుంటి విరిగిందని తెలిసిన ఆరు గంటల్లో ఆపరేషన్ చేసినవాళ్లనీ, మామూలు పద్ధతిలో 24 గంటల ప్రాంతంలో చేసినవాళ్లనీ పోల్చారు. మూడు నెలల్లో మరణాలు 9 శాతం, 10 శాతం. గట్టిగా తేడా అనడానికి లేదు. త్వరగా చేసినవాళ్లకి మతిభ్రమ, మూత్రంలో ఇన్ఫెక్షన్ మాత్రం తగ్గాయి. ఇది చదివి కాసేపు ఊరట పడ్డాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ పరీక్షలో 'ఆలస్యం' అంటే ఒక రోజు. మాకు అయింది పడిన ఐదోరోజున.

ఇంకో గొడవ సగం కీలు గురించి. మామకి గిన్నె (బంతి కూర్చునే గుంట), బంతి రెండూ మార్చారు. అమ్మకి బంతి మాత్రమే, గిన్నె తన సొంతదే. ఇది తెలిసి మా చుట్టం ఒకాయన బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "అమ్మ దగ్గర డబ్బు మిగుల్చుకున్నావా ఏంది?" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు, ఆయన మరిచిపోయినా. అరుగుదలలో గిన్నె కూడా పాడవుతుంది కాబట్టి మార్చక తప్పదు. విరిగినవాళ్ల గిన్నె శుభ్రంగా ఉంటుంది. తుంటి మెడ విరిగిన 1,495 మందిలో సగం మందికి పూర్తి కీలు, సగం మందికి సగం కీలు పెట్టి రెండేళ్లు చూశారు, 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు 7.9 శాతం, 8.3 శాతం. సమానమే అనాలి. కీలు పట్టుతప్పడం, జారిపోవడం మాత్రం పూర్తి కీలు పెట్టినవాళ్లలో 4.7 శాతం, సగం కీలు వాళ్లలో 2.4. అరిగిన తుంటిలో కీలు చుట్టూ ఉండే సంచి ఏళ్ల తరబడి మందమై, బిగుసుకుపోయి ఉంటుంది, కొత్త బంతిని గట్టిగా పట్టుకుంటుంది. నిన్నటిదాకా బాగున్న తుంటిలో అది మెత్తగా వదులుగా ఉంటుంది. బాగా ఉండడమే అక్కడ ఇబ్బంది. బయట హాయిగా తిరిగే, బుద్ధి చురుగ్గా ఉండే మనిషికి పూర్తి కీలు గురించి ఆలోచించమనే మార్గదర్శకాలూ ఉన్నాయి. నిర్ణయం డాక్టర్లది, బెంగళూరుది కాదు.

అసలు ఈ రెండు ఆపరేషన్ల పుట్టుకే వేరు. విరిగిన తుంటికి లోహపు తల అనే ఆలోచన అమెరికాలో ఆస్టిన్ మూర్ అనే సర్జన్ దగ్గర్నుంచి వచ్చింది. 1940లో ఒక రోగికి గడ్డ వల్ల పాడైన ఎముక తీసేసి లోహపు ముక్క పెట్టాడు, తర్వాత ఆయన పేరుతో వచ్చిన బంతిని విరిగిన మెడలకి మన దేశంలోనూ దశాబ్దాలపాటు వాడారు. మామకి వేసిన పద్ధతికి మూలపురుషుడు ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ. అరిగిన కీళ్ల కోసం ముందు టెఫ్లాన్ గిన్నె పెట్టి దెబ్బతిన్నాడు. ఆ పొడి ఒంటికి పడుతుందో లేదో చూడడానికి తన తొడలోనే పెట్టుకున్నాడు. చివరికి 1962లో పాలిథిన్ గిన్నె, చిన్న లోహపు తల. పోయిన శతాబ్దపు ఆపరేషన్ అంటూ లాన్సెట్ 2007లో ఆకాశానికెత్తింది దాన్నే. పొగడ్త న్యాయమైనదే. అరుగుదలకి మార్పించుకున్న పదిమందిలో తొమ్మిది మందికి పైగా సంతోషంగా ఉంటారు. మామ కూడా అడిగాడు ఎన్నాళ్లు వస్తుందని. వేసిన కీళ్లలో 58 శాతం పాతికేళ్లు నిలిచాయని 2019లో లెక్క తేల్చారు. "అంటే నాకంటే ముందు ఇది పోదు" అన్నాడు. ఆ కీర్తి అరిగిన తుంటిది. దాన్ని విరిగిన తుంటికి కూడా పూసేసి ఆశ పెట్టుకుంటున్నాం.

ఎందుకంటే తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఏడాది తిరిగేలోపు ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల నలుగురిలో ఒకరు పోతారు. బతికినవాళ్లలో దాదాపు సగం మందే మునుపటి నడకకి చేరుకుంటారు. ఈ మాట ఎవరైనా మాకు ముందే, మర్యాదగా, కూర్చోబెట్టి చెప్పి ఉంటే మామ నోట ఆ ధైర్యం మాట వచ్చేది కాదేమో.

కొలిచే కర్ర కూడా మామ వైపే ఉంది. తుంటి బాగోగులకి మార్కులు వేసే హారిస్ స్కోరు ఒకటుంది, 1969 నాటిది. నూటికి 44 మార్కులు నొప్పికే. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి దగ్గర ఆ కాగితం తీసుకుని ఇద్దరికీ నేనే వేశాను. మామకి ఆపరేషన్ ముందు 40 లోపు, తర్వాత 92. అమ్మకి ఇప్పుడు 70 చిల్లర. చూస్తే 'పర్వాలేదు' అనిపిస్తుంది. కానీ అమ్మకి 'ముందు' అంటే ఏ రోజు? విరిగి మంచంలో పడి ఉన్న రోజా? ఆ లెక్కన ఆమె కూడా బ్రహ్మాండంగా పాసయినట్టే. పాలు పితికి, రేషన్ బియ్యం మోసుకొచ్చిన రోజుతో పోల్చాలి. అప్పుడు ఆమెకి 90 దాటేవి. మామ 40 నుంచి ఎక్కాడు, అమ్మ 90 నుంచి జారింది. మామ ఆపరేషన్‌కి ముందురోజు ఎనిమిదేళ్లలో కెల్లా చెడ్డరోజు. అమ్మకి ముందురోజు మామూలు రోజు. ఇద్దరికీ ఆపరేషన్ నూటికి నూరుపాళ్లు బాగా జరిగినా ఒకరికి లాభం, ఒకరికి నష్టం తగ్గింపు.

ఆవుని అమ్మేశాం. పల్లెలో ఇల్లు తాళం పెట్టాం, ఎందుకంటే అక్కడ మరుగుదొడ్డి పెరట్లో, కింద గొంతుక్కూర్చునే రకం. ఇవి ఏ స్కోరులోకీ రావు. తుంటి మార్చినాక కొన్నాళ్లు కింద చతికిలబడకూడదు, పీట మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, తొంభై డిగ్రీలకంటే ఎక్కువ వంగకూడదు. మామ ఈ పాఠం రెండు నెలల ముందే నేర్చుకున్నాడు. అమ్మకి మత్తు దిగీ దిగని స్థితిలో ఒక కాగితం ఇచ్చారు, అదీ ఇంగ్లీషులో.

మామ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఆయన తిట్టింది నన్నయితే సగం ఒప్పుకునేదాన్ని. ఇంటికి తెచ్చిన మొదటి రెండు వారాలు నేను అమ్మని సరిగా నడిపించలేదు. మళ్లీ పడుతుందని నాకు భయం. 'పడుకోమ్మా, నేను తెస్తాలే' అని మంచినీళ్ల గ్లాసు దగ్గర్నుంచి అన్నీ చేతికందించాను. ప్రేమ అనుకున్నాను. ఫిజియో అబ్బాయి వచ్చి తొడ చుట్టుకొలత చూపించాక తెలిసింది కండ ఎంత కరిగిందో. ఆ కండ తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది. ధైర్యం చాలనిది ఎవరికో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. డిశ్చార్జి కాగితంలో బాల్ సైజు ఉంది, కంపెనీ స్టిక్కర్ ఉంది, కుట్లు ఎప్పుడు విప్పాలో ఉంది. అమ్మ ఎందుకు పడింది అనే ప్రశ్న లేదు. నిలబడి ఉన్న ఎత్తు నుంచి పడితే ఎముక ఎందుకు విరిగింది అనే ప్రశ్నా లేదు. క్యాల్షియం మాత్రలు రాశారు, సరే. అరిగిన తుంటికి కీలే జబ్బు, మారిస్తే జబ్బు పోయినట్టే. విరిగిన తుంటిలో కీలుకి ఏ జబ్బూ లేదు. జబ్బు ఎముకల్లో ఉంది, కళ్లు తిరగడంలో ఉంది, ఇంకో తుంటిలో కాచుకుని ఉంది. ఏ పరిశోధన చదవకుండానే ఇది ఎవరికైనా తట్టాలి, నాకు మాత్రం చదివాకే తట్టింది.

వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, ఎముకల డాక్టరు కాదు, మామూలు ఫిజిషియన్. ఆయన చేసిన మొదటి పని అమ్మని పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మళ్లీ చూడడం. నిలబడగానే 30 పడిపోయింది. బీపీ మాత్ర మార్చాడు. కంటి డాక్టరుకి రాశాడు. ఎముక సాంద్రత పరీక్ష చేయించి, డి విటమిన్ సరిచేసి, మూత్రపిండాల రిపోర్టు మళ్లీ చూసి, పళ్లు చూపించుకు రమ్మని, మూడు నెలలు నిండేలోపే జోలెడ్రోనిక్ యాసిడ్ సూది వేయించాడు. ఎముకలు గట్టిపడడానికి ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే మందు. రెండురోజులు జ్వరం, ఒళ్లునొప్పులు. తుంటి విరిగి ఆపరేషన్ అయిన 2,127 మంది మీద ఈ మందు ప్రయత్నిస్తే కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లోనే తేలింది. 2007లోనే. అమ్మ పక్క మంచాల్లో ఉన్న ముగ్గురు ఆడవాళ్లకీ తుంట్లు విరిగినవే. వాళ్ల ఇళ్లవాళ్లతో నేను ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ సూది పేరు ఎవరూ వినలేదు.

బ్రిటన్‌లో 2007లో తుంటి విరిగిన ప్రతి మనిషి వివరాలూ నమోదు చేయడం మొదలుపెట్టారు. ఎముకల డాక్టరుతోపాటు వృద్ధుల డాక్టరు కూడా రోజూ చూడాలి, త్వరగా ఆపరేషన్ చెయ్యాలి, బుద్ధి స్థితి చూడాలి, పడడానికి కారణం వెతకాలి, ఎముకలకి మందివ్వాలి అని పట్టుబట్టారు. నెలలోపు మరణాలు 2007లో 10.9 శాతం ఉన్నవి 2011కి 8.5కి దిగాయి. బంతి మారలేదు. చుట్టూ ఉన్న మనుషులు పని చేసే తీరు మారింది. తిరుపతి చిన్న ఊరేం కాదు. టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది, రుయా ఉంది, చిత్తూరు వాళ్లకైతే వెల్లూరు పక్కనే. కీలు మార్చే చేతులకి ఇక్కడ కొరత లేదు. ఏ ఆసుపత్రిలోనైనా సరే, విరిగిన తుంటితో ఒక పెద్దామె వచ్చిన రోజే ఒక ఫిజిషియన్ కూడా ఆమె మంచం దగ్గర నిలబడాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదనుకుంటాను.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మామకి వివరించాను, ఈ దీపావళికి. 40 నుంచి 92, 90 నుంచి 70 అని గీత గీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "అయితే నేను మెట్లెక్కింది గొప్ప కాదంటావా?" అన్నాడు. గొప్పే మామా అన్నాను. ఆయనకి పూర్తిగా నచ్చినట్టు లేదు. కానీ ఆ తర్వాత అమ్మ దగ్గర ధైర్యం ఊసెత్తలేదు.

మళ్లీ ధనుర్మాసం వచ్చింది. అమ్మ చేతికర్రతో వీధి మలుపు దాకా పోయి వస్తోంది. పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, పక్క ఫ్లాటు పిల్లకి చుక్కలు ఎక్కడ పెట్టాలో చెప్తుంది. పిల్ల తప్పు కలిపితే కర్రతో చూపించి చెరిపిస్తుంది. మార్చిలో రెండో సూది వేయించాలని మొన్న గుర్తు చేశాను.

"మీ మామక్కూడా ఏస్తారా ఈ సూది?" అని అడిగింది.

"ఆయనకెందుకమ్మా? ఆయన ఎముకలు బాగున్నాయి. కీలొక్కటే అరిగింది."

కాసేపు ఆలోచించింది. "అయితే వాడిదానికంటే నాదే పెద్ద జబ్బన్నమాట" అని, పక్క ఫ్లాటు పిల్ల వైపు కొంచెం గొప్పగా చూసింది.